ఏ హోటలు మేలు

పొందూరు రైలుగేటు పడిపోయింది.
గూడ్సుబండి ఎంతకీ రాదు.
ఇవతల ఆగిపోయిన మేం ముగ్గురం
సైకిళ్ళకి స్టాండేసి
బొంబాయిలో ఏ హోటలు మేలో
తేల్చుకుంటున్నాం.

అసిరయ్య ఓటు సముద్రం పక్కదానికి.
"దాన్ని కొట్టింది లేదురా" అంటాడు
గిన్నెలు తోమిన చేతులు గాల్లో ఆడిస్తూ.
"పళ్ళెం ఎంత బరువనుకున్నావు?
జారిందా, నెల జీతం జారినట్టే.
రాత్రి పన్నెండు దాటితే
ఎవులూ ముట్టని కేకు ముక్కలు మాకే వదిలీసీవోరు.
ఎయిర్‌పోర్టు కాడోళ్ళు
వాటి మీద ఫినాయిలు పోసీవోరంట.
మరింకేటి చూస్తావు?"

దాలయ్యది తాడు పని.
ముప్పయ్యో అంతస్తు కాడ వేలాడుతూ
ఆరేళ్ళు అద్దాలు తుడిచాడు.
హోటళ్ళన్నీ వాడికి బయటి నుంచే తెలుసు,
చేపకి పడవ తెలిసినట్టు.
గుండ్రటి హోటలంటే మంట వాడికి.
"వంపు కాడ గాలి తిరగేసి కొడతాది.
పలకల హోటలే మంచిది.
అక్కడొక ముసలాయన
లోపల్నించి గ్లాసు చూపించి
మంచినీళ్ళు తాగుతావా అని సైగ చేసినాడు.
ఆ కిటికీ తెరుచుకోదు కదా.
నానూ తాగినట్టే సైగ చేసి
కిందకి దిగిపోనాను."

ఇక నేను. మూడు లాండ్రీలు మారాను.
నా తూకం దుప్పటి.
భూమి కింద రెండో అంతస్తులో
ఆవిరి మరల మధ్య నిలబడి
ఏ హోటలు దుప్పటి ఎన్ని ఉతుకులకి చస్తుందో
చెయ్యి పెట్టి చెప్పేవాణ్ణి.
ఎయిర్‌పోర్టు కాడిది నూట ఎనభై.
సముద్రం పక్కది రెండొందలు దాటినా
అంచు చెదరదు.
దుప్పటి ఏదీ దాచుకోదు:
ఎవరు నిద్రపోయారు, ఎవరు తెల్లార్లూ దొర్లారు,
ఎవరు పక్క మీదే కూచుని చారన్నం తిన్నారు.
ఒకసారి ఒక గది నుంచి నెలంతా
వేసిన మడత వేసినట్టే వచ్చింది.
ఆయనెవరో కుర్చీలోనే పడుకునేవాడేమో,
నేను మాత్రం రోజూ దాన్ని ఉతికాను.

మా సూరమ్మత్తకి
చిరిగిపోయిన దుప్పట్లోంచి ఒక ముక్క తెచ్చిచ్చాను.
దూదిని దువ్వుతున్న వాలుగచేప దవడ పక్కన పెట్టి
రెండు వేళ్ళ మధ్య నలిపింది,
ముక్కు దగ్గర పెట్టుకుంది.
"నూలు మంచిదే గానీ
మనిషి చెయ్యి తగల్లేదురా దీనికి."
"తగిలిందత్తా, నాదే" అన్నాను.
నా వైపు కాసేపు చూసి
కళ్ళజోడు తుడుచుకోడానికి దాచుకుంది.

గూడ్సు ఇంకా రాలేదు.
మా వెనక మోపెడ్ మీద కూచున్న తవిటయ్య,
ఎడం కాలు ఈడ్చి నడిచే తవిటయ్య,
అంతా విని అడిగాడు:
"మీలో ఎవులైనా అక్కడ పడుకున్నారేటి?"

ముగ్గురం మాట్లాడలేదు.

"నాను పడుకున్నాను.
గుండ్రటిదే. ఇరవయ్యో అంతస్తు.
అప్పటికి గోడల్లేవు, కిటికీల్లేవు.
సిమెంటు సంచులు పరుచుకుని పదకొండు మందిమి.
సముద్రం గాలి నేరుగా మీదికొచ్చీసీది.
నిద్దట్లో దొర్లితే పడిపోతామని
ఒకడి కాలూ ఇంకొకడి కాలూ
తువ్వాలుతో కట్టుకునీవోళ్ళం.
అలాటి నిద్ర మళ్ళీ పట్టలేదు."

"గాలి తిరగేసి కొట్టలేదా?" దాలయ్య అడిగాడు.

"అద్దాలు పెట్టినాకే కదా
దానికి కోపమొచ్చింది."

బండి వచ్చింది. బొగ్గు.
నలభై పెట్టెల దాకా లెక్కపెట్టి వదిలేశాను.
గేటు లేచింది. అందరూ ఒకేసారి కదిలారు,
హారన్లు, ఒక ఆవు, చీపుళ్ళ కట్టలేసుకున్న రిక్షా.
తవిటయ్య మోపెడ్ పట్టాలు దాటేసింది.

అసిరయ్యకి మాత్రం ఇంకా తెగలేదు.
సైకిలెక్కుతూ ఆ పొగ వెనక అరిచాడు:
"అయితే మాత్రం, నీకు కేకెట్టినారేటి?"